ఇంట్లో చేసే నగలు ఎక్కడ అమ్మాలి? తిరుపతిలో ఉన్న ఆరు దారులు, ఏది ఎవరికి పనికొస్తుంది

ఒకే డిజైన్ జుంకాలు ఇరవై జతలు చేయమంటే మీకు విసుగొస్తుందా, రాదా? మిగతావన్నీ తర్వాత, ముందు దీనికి జవాబు చెప్పుకోండి. సరదాకి చేసేటప్పుడు ప్రతి జతా వేరేగా ఉంటుంది, ఈరోజు ఎర్ర దారం, రేపు ముత్యాలు, ఎల్లుండి మట్టి. అమ్మకం మొదలైందంటే మొన్న చేసిందే మళ్ళీ చేయమంటారు, అదే రంగు, అదే సైజు, కుడి చెవికీ ఎడమ చెవికీ వెంట్రుకంత తేడా లేకుండా. ఈ సంగతి అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది, చేతి డబ్బు కూడా కొంత పోయింది.

నేనుండేది తిరుపతి బైరాగిపట్టెడలో. పూసలు గుచ్చడం ఎనిమిదేళ్ళుగా అలవాటు, అమ్మడం ఐదేళ్ళుగా. ఈ ఐదేళ్ళలో షాపులకి ఇచ్చాను, స్టాళ్ళు పెట్టాను, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మాను, యాప్‌లో పెట్టి తీసేశాను, పెళ్ళి సెట్లు అద్దెకిచ్చాను, రెండు వేసవులు క్లాసులు చెప్పాను. "అక్కా, నేనూ మొదలుపెడదామనుకుంటున్నా, ఎక్కడ అమ్మితే బాగుంటుంది?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఫోన్‌లో గంటసేపు చెప్పేదే ఇక్కడ రాసి పెడుతున్నా.

ముందు ఏం చూసుకోవాలి

ఒకటి పైన చెప్పిందే: ఒకే వస్తువుని ఎన్నిసార్లు విసుక్కోకుండా చేయగలరు.

రెండోది, డబ్బు ఎన్నాళ్ళు ఇరుక్కుపోతుంది. పూసలు కొన్న రోజు నుంచి, ఆ దండ అమ్ముడై డబ్బు చేతికొచ్చే రోజు దాకా లెక్కపెట్టండి. ముందే ఫోన్‌పే చేయించుకుని చేస్తే అసలు ఇరుక్కోదు, షాపులో పెట్టి వస్తే ఆరు నెలలైనా పట్టొచ్చు. చేతిలో ఐదు వేలే ఉన్నవాళ్ళకి ఒక్కో వస్తువు మీద లాభం కొంచెం తక్కువైనా సరే, త్వరగా తిరిగొచ్చే దారే మేలు. లాభం ఎక్కువని చెప్పి ఆ ఐదు వేలూ ఏ షాపు అద్దాల వెనకో పెట్టేస్తే, శ్రావణ మాసం ఆర్డర్లు వచ్చేసరికి పూసలు కొనడానికి ఇంట్లో అడుక్కోవాలి.

మూడోది బేరం. మన వైపు ఎలా ఉంటుందో తెలిసిందే కదా, "ఏంది మే, గాంధీ రోడ్డులో యాభైకే ఇస్తా ఉండారు, నువ్వు నూటాభై అంటావే" అని మొహం మీదే అంటారు. దానికి నవ్వుతూ జవాబు చెప్పగలిగేవాళ్ళు కొందరు. నాలాగా ఆ మాట రాత్రి దాకా మనసులో పెట్టుకుని, మర్నాడు అదే వస్తువు వందకి ఇచ్చేసేవాళ్ళు ఇంకొందరు. మీరు ఏ రకమో మీకు తెలుసు.

నాలుగోది టైం. రోజుకి ఎన్ని గంటలు ఖాళీ అని కాదు, ఏ గంటలు ఖాళీ అని. పిల్లలు పడుకున్నాక రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా మీదైతే పూసలు గుచ్చుకోవచ్చు, స్టాల్‌లో నిలబడటం మాత్రం కుదరదు.

ధర లెక్క తేలకుండా ఏ దారీ తేలదు

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. రెండు వరసల మోనాలిసా పూసల (నున్నగా మెరిసే రంగు పూసలు) దండ, మధ్యలో లాకెట్, దానికి నేను వేసుకునే లెక్క ఇది. మీ రేట్లు వేరే ఉంటాయి, పద్ధతి చూడండి.

| ఖర్చు | రూపాయలు |
|---|---|
| పూసలు | 140 |
| లాకెట్ | 120 |
| గేర్ వైరు (గుచ్చే తీగ), క్రింపులు (తీగ చివర నొక్కేవి), స్పేసర్లు (పూసల మధ్య వేసేవి), వెనక డోరీ (మెడ వెనక కట్టే తాడు) | 40 |
| డబ్బా, కవరు | 25 |
| విరిగేవి, తెగి తిరిగొచ్చేవి | 15 |
| చేతి పని: గంటంబావు, గంటకి 100 చొప్పున | 125 |
| మొత్తం | 465 |

750కి అమ్మితే 285 మిగులుతుంది. కొత్తవాళ్ళు నూటికి తొంభైమంది చివరి వరస రాయరు, నేనూ రాయలేదు. "ఖాళీగా కూర్చుని చేసిందే కదా" అనుకుంటాం. అది రాయకపోతే 340 పెట్టి 450కి ఇచ్చినా లాభంలాగే కనపడుతుంది. నిజానికి అప్పుడు మన కూలి కూడా మనకి పూర్తిగా రాలేదు.

ఇదే దండని షాపులో పెడితే, వాళ్ళు నూటికి నలభై తీసుకుంటారనుకోండి, 750లో మన చేతికొచ్చేది 450. అంటే 15 రూపాయలు ఎదురు. షాపులో 775 పెడితే మన ఖర్చు మనకొస్తుంది, లాభం అప్పటికీ సున్నానే.

సరుకు ఎక్కడ కొంటారన్నది కూడా ఈ లెక్కని మార్చేస్తుంది. మన ఊళ్ళో ఫ్యాన్సీ షాపుల్లో ప్యాకెట్ చొప్పున కొంటే సులువు, ధర ఎక్కువ. చెన్నై షావుకారుపేటలో దండల లెక్కన కొంటే బాగా తగ్గుతుంది. పొద్దున రైలెక్కితే రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు, కాకపోతే రెండు వేల సరుకు కోసం వెళ్తే దారి ఖర్చులు, రోజు కూలి కలిపి మిగిలేదేం ఉండదు. ఐదారు వేల సరుకు అవసరమైనప్పుడు, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. హైదరాబాద్ వెళ్ళే పని ఎలాగూ ఉంటే బేగంబజార్ చూడండి. కవరింగ్ గొలుసులకి మచిలీపట్నం పక్కన చిలకలపూడి పేరు ఎప్పటి నుంచో ఉంది.

అన్నీ ఒకచోట

| దారి | చేసిందే మళ్ళీ చేయడం | డబ్బు ఇరుక్కునేది | బేరం, మాటలు | టైం |
|---|---|---|---|---|
| షాపులకి ఇవ్వడం | చాలా ఎక్కువ | నెల నుంచి ఆరు నెలలు | షాపతనితోనే | మీకు వీలైనప్పుడు |
| స్టాళ్ళు | తక్కువ, కానీ సరుకు బోలెడు కావాలి | స్టాల్ అయ్యేదాకా, మిగిలింది ఆపైన కూడా | రోజంతా | పెట్టిన రోజులు పూర్తిగా |
| వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ | మధ్యస్తం | దాదాపు లేదు | అర్ధరాత్రి కూడా | ముక్కలు ముక్కలుగా రోజంతా |
| పెద్ద యాప్‌లు | చాలా ఎక్కువ | వారాలు, రిటర్న్ వస్తే ఇంకా | లేదు | ప్యాకింగ్‌కి రోజూ |
| సెట్లు అద్దెకివ్వడం | లేదు | పెద్ద మొత్తం, ఏడాది పైన | డిపాజిట్ దగ్గర మాత్రం గట్టిగా | ముహూర్తాల రోజుల్లో |
| నేర్పడం | లేదు | లేదు | బేరం లేదు, ఓపిక కావాలి | చెప్పిన టైంకి |

షాపులకి ఇవ్వడం

మొదట అందరి బుర్రలోకీ వచ్చేది ఇదే. దీంట్లో రెండు రకాలున్నాయి, వాటిని కలిపేసుకోవద్దు. ఒకటి, షాపతను డబ్బిచ్చి కొనేసుకుంటాడు, ఆ తర్వాత అమ్ముడైనా కాకపోయినా అతని గొడవ. రెండోది, మన సరుకు అక్కడ పెట్టి రావడం, అమ్ముడైనదానికే డబ్బు.

నేను మొదట రెండోదే చేశాను. నలభై వస్తువులు ఇచ్చి వచ్చాను, చీటీ కూడా రాయించుకోలేదు, తెలిసినవాళ్ళే కదా అని. ఆరు నెలల తర్వాత పదకొండు వెనక్కి వచ్చాయి, వాటిలో సగం దుమ్ముపట్టి, లైట్ల వేడికి జిగురు ఊడిపోయి, రంగు దిగి ఉన్నాయి. మిగతా ఇరవై తొమ్మిదింటికి డబ్బు మూడు విడతల్లో వచ్చింది, లెక్క తగ్గింది, ఎన్ని అమ్ముడయ్యాయో చెప్పడానికి నా దగ్గర కాగితం లేదు, గొడవపడటానికి మొహం చెల్లలేదు. వాళ్ళు మోసం చేశారని కూడా అనలేను, ఆ షాపులో నాలాంటి వాళ్ళ సరుకు ఇంకో పది పెట్టెలుంది, ఎవరిది ఏదో వాళ్ళకీ తెలియదు.

అందుకే చెప్తున్నా, ధర తగ్గించుకునైనా సరే డబ్బుకి అమ్మేయండి. పెట్టి రావాల్సివస్తే వస్తువు ఫోటో, సంఖ్య, ధర, కమీషన్, ఎన్ని రోజులకి లెక్క చూసుకోవాలి అన్నది ఒక పుస్తకంలో రాసి షాపతనితో సంతకం పెట్టించుకోండి, పదిహేను వస్తువులకి మించి ఇవ్వొద్దు.

ఇంకోటి, షాపుకి కావాల్సింది మీ కళ కాదు, డజన్లు. "ఈ మెరూన్ కలర్ బాగా పోతోంది, రెండు డజన్లు కావాలి, శుక్రవారానికి" అంటారు. సిల్క్ థ్రెడ్ గాజుల్లాంటివైతే ఇది కుదురుతుంది, చేయి అలవాటైపోతే టీవీ చూస్తూ చుట్టేయొచ్చు. ప్రతిదీ కొత్తగా చేయాలనుకునేవాళ్ళకి ఇది నరకం.

స్టాళ్ళు

తిరుపతి అంటే జనం, జనం అంటే అమ్మకం అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని బోర్లా పడ్డాను. తిరుచానూరు అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలకి, పంచమి తీర్థం రోజు వచ్చే జనాన్ని చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ దర్శనానికి వచ్చినవాళ్ళు కొనేది సంచీలో పట్టే యాభై, వంద రూపాయల వస్తువు: గాజులు, రబ్బరు బ్యాండ్లు, పిల్లల గొలుసులు, ఇంటి చుట్టుపక్కలవాళ్ళకి ఇవ్వడానికి ఓ డజను. 750 రూపాయల దండని పట్టుకుని చూస్తారు, పక్కన పెడతారు. పైగా మనకి ఈశాన్య రుతుపవనాల వానలు పడేది సరిగ్గా ఆ నవంబరు రోజుల్లోనే. తడిగాలికి జిగురు ఆరదు, ప్లేటింగ్ నల్లబడుతుంది, పైన వేసిన పట్టా ఎగిరిపోతుంది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరప్పుడు వాన బాధ లేదు, ఎండ బాధ ఉంది, అక్కడా చిన్న వస్తువులే పోతాయి. కొండ మీద అమ్మాలని కొందరు అడుగుతారు, అక్కడ షాపైనా తోపుడు బండైనా టీటీడీ లైసెన్సు ఉండాల్సిందే, మనలాంటి కొత్తవాళ్ళు దాన్ని ప్లాన్‌లో రాసుకోకపోవడం మంచిది.

పెద్ద ధర వస్తువు కొనేది ఊళ్ళోవాళ్ళు, అది కూడా చీరల ఎగ్జిబిషన్ పక్కన. చీర కొన్న చేత్తోనే దానికి మ్యాచింగ్ వెతుక్కుంటారు. కల్యాణ మండపాల్లో జరిగే ఎగ్జిబిషన్లు, తిరుచానూరు రోడ్డులో శిల్పారామం, కాలేజీ ఫెస్టులు ఈ లెక్కలో వస్తాయి. పద్మావతి మహిళా యూనివర్సిటీ లాంటి చోట అంతా అమ్మాయిలే, అక్కడ నూరు, నూటాభై రూపాయల కమ్మలు, యాంక్లెట్లు బాగా పోతాయి, పెద్ద సెట్లు తీసుకెళ్ళి ఏం లాభం లేదు.

స్టాల్ ఒప్పుకునేముందు ఇలా లెక్కేయండి. మూడు రోజులకి అద్దె 6,000, ఆటో, టీ, తిండి 1,500 అనుకుందాం. మొత్తం 7,500. దండకి 285 మిగులుతుంది కాబట్టి ఆ ఖర్చు రావడానికే 27 దండలు అమ్మాలి. మీరు రోజుకి ఎనిమిది గంటలు నిలబడ్డందుకు గంటకి 100 వేసుకుంటే ఇంకో 2,400, అప్పుడు 35 దండలు. ముప్పై ఆరోది అమ్ముడైతే అది లాభం. మరి 36 అమ్మాలంటే కనీసం వంద తీసుకెళ్ళాలి, ఎందుకంటే బల్ల ఖాళీగా కనపడితే ఎవరూ ఆగరు. వంద దండల సరుకు డబ్బు మీ దగ్గర ఉందా? లేకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి ఒక స్టాల్ తీసుకోండి, ఒకరు దండలు, ఒకరు గాజులు, ఒకరు మట్టి నగలు.

డబ్బు రాకపోయినా స్టాల్ ఒక్క పనికి మాత్రం చాలా బాగా పనికొస్తుంది. జనం ఏది చేతిలోకి తీసుకుంటున్నారు, ఏది చూసి వదిలేస్తున్నారు, ఏ ధర విని మొహం మారుస్తున్నారు అన్నది కళ్ళారా చూడొచ్చు. నా మట్టి నగలు చాలా బాగుంటాయని నా గట్టి నమ్మకం. మూడు రోజుల్లో అందరూ పట్టుకుని "బరువుగా ఉందే" అని వదిలేశారు. తర్వాత వాటిని సగం మందంలో చేయడం మొదలుపెట్టాను.

వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్

ఎవరడిగినా నేను ముందు చెప్పేది దీన్నే. డబ్బు ముందు, పని తర్వాత. మొదటి ఆర్డర్లు తెలిసినవాళ్ళ నుంచే వస్తాయి, అపార్ట్‌మెంట్ గ్రూపు, పిల్లల స్కూల్ అమ్మల గ్రూపు, మీ కాలేజీ బ్యాచ్. అందులో తప్పేం లేదు, కానీ వాళ్ళకి "నీకు కాబట్టి" అని తగ్గించడం మొదలుపెడితే అదే మీ ధర అయిపోతుంది. వాళ్ళు ఇంకొకరికి చెప్పేటప్పుడు ధరతో సహా చెప్తారు మరి.

ఫోటోల సంగతి. పొద్దున ఏడు నుంచి తొమ్మిది లోపు, మేడ మీద నీడలో, తెల్లటి చార్ట్ మీద పెట్టి తీయండి. ఫిల్టర్లు వద్దు. రామాగ్రీన్ అని పంపితే నెమలికంఠం వచ్చిందని గొడవ వస్తుంది, చీరకి మ్యాచ్ చేసుకునేవాళ్ళకి రంగు ప్రాణం. ఒక ఫోటో వేసుకుని తీయాలి, దండ ఎక్కడిదాకా వస్తుందో తెలియాలి కదా. ధర అక్కడే రాయండి. "ఇన్‌బాక్స్‌కి రండి" అంటే వచ్చేవాళ్ళలో సగం మంది ధర విని మాయమవుతారు, మీ టైం పోతుంది.

ఆ టైం గురించే జాగ్రత్త. "ఇంకో కలర్ ఉందా", "కొంచెం పొడవు చేస్తారా", "మా అత్తని అడిగి చెప్తా", ఇలా ఒక్క ఆర్డర్‌కి అరగంట పోతుంది. గంటకి వంద లెక్కన అదో 50. అంటే దండ మీద మిగిలేది 285 కాదు, 235. కొరియర్ ఖర్చు విడిగా తీసుకోండి. అందిన తర్వాత డబ్బు అనే పద్ధతి అసలు ఒప్పుకోవద్దు. వరలక్ష్మీ వ్రతం, దసరా, పెళ్ళిళ్ళ ఆర్డర్లకి చివరి తేదీ ముందే చెప్పేయండి, నేను వారం ముందు ఆపేస్తాను. ఒకసారి వ్రతానికి రెండు రోజుల ముందు పంపిన వడ్డాణం వ్రతం అయిన మర్నాడు చేరింది, తప్పు కొరియర్‌దే అయినా డబ్బు నేనే వెనక్కిచ్చాను. ఆ వడ్డాణం ఇంకా బీరువాలో ఉంది.

ప్రతిరోజూ ఏదో ఒకటి కొత్తగా పెట్టాలన్న ఒత్తిడి కూడా ఉంటుంది ఇక్కడ. కొత్తవి చేయడం ఇష్టమైనవాళ్ళకి ఇది పండగే. కాకపోతే పాత డిజైన్లలో మూడింటిని మాత్రం ఎప్పుడూ రెడీగా ఉంచుకోండి, నాకు నెలనెలా డబ్బు తెచ్చేది ఆ మూడే.

పెద్ద యాప్‌లు

తొందరగా చెప్పేస్తా. చేత్తో చేసే ఒక్కరికి ఇవి సరిపోవు. అక్కడ మన పక్కనే అచ్చుపోసిన సెట్టు 149కి కనపడుతుంది, కొనేవాళ్ళకి తేడా ఫోటోలో తెలియదు. రిటర్న్‌లు ఎక్కువ, నా దగ్గరికి తిరిగొచ్చిన ఒక దండకి సెంటు వాసన, పౌడరు మరక, అంటే పెళ్ళికి వేసుకుని వెనక్కి పంపారన్నమాట. నలుగురు కలిసి ఒకే డిజైన్ వందల్లో చేయగలిగితే అప్పుడు ఆలోచించండి. విదేశాలకి అమ్మే సైట్లలో మంచి ధర వస్తుంది కానీ ఎగుమతి కోడ్, నికెల్ (కొందరి చర్మానికి పడని లోహం) మీద అక్కడి నిబంధనలు, వారాల తరబడి పార్సిల్, అది రెండో ఏడాది పని.

సెట్లు అద్దెకివ్వడం

ఇది చేతిపని కాదు, సామాను వ్యాపారం. ముందే ఒప్పుకోవాలి ఆ మాట. కానీ పెళ్ళిళ్ళకి తిరుపతి ఎలాంటి ఊరో వేరే చెప్పక్కర్లేదు, వడ్డాణం, అరవంకీ, పాపిడిబిళ్ళ, జడ, అన్నీ ఒక్కరోజు కోసం ఎవరు కొంటారు? దానితోపాటు మన దగ్గర డాన్స్ నేర్చుకునే పిల్లలు ఎక్కువ, ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉంది, ఇళ్ళల్లో చెప్పే టీచర్లున్నారు. వాళ్ళకి కెంపు రాళ్ళ సెట్లు కావాలి. ఆ టెంపుల్ జ్యువెలరీకి పుట్టిల్లు నాగర్‌కోయిల్‌లోని వడసేరి, అక్కడి పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. మంచి సెట్టు కొంటే ఏళ్ళ తరబడి అద్దె వస్తుంది.

లెక్క తేలికే. సెట్టు 6,000 పడి, ఒకసారికి 600 అద్దె వస్తే, పదిసార్లు వెళ్ళాకే అసలు వస్తుంది. ఆషాఢంలో, పుష్యంలో పెళ్ళిళ్ళు ఉండవు, మాఘంలో ఒకే ముహూర్తానికి నలుగురు అదే సెట్టు అడుగుతారు. డిపాజిట్ సగం ధరైనా తీసుకోవాలి, చుట్టాలైనా సరే. తిరిగొచ్చిన ప్రతి సెట్టుకీ కుంకుమ, చెమట, సెంటు తుడిచి, ఊడిన రాళ్ళు అతికించి, విడివిడి కవర్లలో పెట్టడానికి గంట. ఇక్కడ పూసలపని వచ్చినవాళ్ళకి ఒక లాభం ఉంది, రిపేరు మనమే చేసుకోగలం.

నేర్పడం

వేసవి సెలవుల్లో పది మంది పిల్లలకి పది రోజులు, ఇంటి హాల్లోనే. డబ్బు ముందే వస్తుంది, సరుకు మిగలదు. నాకైతే రెండు వేసవుల్లో దీని మీద మిగిలింది మొదటి ఏడాది షాపుల మీద మిగిలినదానికంటే ఎక్కువ. ఒకటే చిక్కు, సెలవులు అయిపోతే అయిపోయినట్టే. పల్లెల్లో ఉండి మీరే ముందు నేర్చుకోవాలనుకుంటే, గ్రామీణ యువత కోసం బ్యాంకులు నడిపే ఆర్‌సెటి కేంద్రాల్లో శిక్షణ ఉచితం, వాళ్ళ కోర్సుల్లో కాస్ట్యూమ్ జ్యువెలరీ కూడా ఉంది, ఎప్పుడు పెడతారో అడిగి ఉంచుకోండి.

ఏం చేస్తారన్నదాన్ని బట్టి కూడా

మట్టి నగలు కొరియర్‌కి శత్రువులు, స్టాల్‌కి మిత్రులు. పూసల దండలు ఎక్కడైనా పోతాయి. సిల్క్ థ్రెడ్ షాపులకి. శ్రీకాళహస్తి మనకి కూతవేటు దూరం కాబట్టి కలంకారీ గుడ్డ నగలు చేయడం మంచి ఆలోచనే, ఈ పేరు బయటి ఊళ్ళవాళ్ళకి ఇన్‌స్టాగ్రామ్‌లో బాగా అమ్ముతుంది. అయితే కలంతో గీసిన గుడ్డ వేరు, ప్రింటు గుడ్డ వేరు. ప్రింటు వాడితే ప్రింటని రాయండి, తెలిసినవాళ్ళు ఒక్కరు కనిపెడితే పేరు పోతుంది.

జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది. నికెల్ పడనివాళ్ళకి చెవులు దురద పెట్టి పుండు పడతాయి. కమ్మలకి హుక్కులు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలువో, నికెల్ లేనివో వాడండి, జతకి నాలుగు రూపాయలు ఎక్కువైనా. "వెండి" అని రాయాలంటే అది నిజంగా వెండి అయి ఉండాలి.

కాగితాల పని

ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్ళకి ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాటేదాకా, రాష్ట్రం లోపల అమ్ముకున్నంత వరకు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇమిటేషన్ నగల మీద పన్ను 3 శాతం. 2023 అక్టోబరు 1 నుంచి రిజిస్ట్రేషన్ లేని చిన్నవాళ్ళు కూడా సొంత రాష్ట్రం లోపల యాప్‌లలో అమ్ముకోవచ్చు, దానికో ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకోవాలి. చిక్కు ఎక్కడంటే, మనది సరిహద్దు ప్రాంతం. చిత్తూరు నుంచి వేలూరుకి, పలమనేరు నుంచి కోలారుకి పార్సిల్ పంపితే అది వేరే రాష్ట్రానికి అమ్మినట్టే, దానికి మామూలుగా రిజిస్ట్రేషన్ కావాలి. చేతిపని వస్తువులకి మినహాయింపులున్నాయి, మీ వస్తువు ఆ జాబితాలోకి వస్తుందో లేదో ఆడిటర్‌తో ఒకసారి కూర్చుని తేల్చుకోండి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే నమోదు) ఆధార్‌తో మీరే చేసుకోవచ్చు, ఒక్క రూపాయి లేదు. ఐదు వందలు, వెయ్యి అడిగేవాళ్ళు కనపడతారు, ఇవ్వకండి. ముద్ర రుణంలో శిశు అనేది 50,000 దాకా, మొదట్లో అంతకంటే అవసరం రాదు. డ్వాక్రా సంఘంలో ఉంటే ముందు అక్కడ అడగండి. విశ్వకర్మ పథకం గురించి కూడా అడుగుతుంటారు. దాని 18 వృత్తుల్లో ఉన్నది స్వర్ణకారులు, మన ఫ్యాన్సీ పూసల పని కాదు.

మరి ఎవరికి ఏది

హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయిలు: ఇన్‌స్టాగ్రామ్, కాలేజీ ఫెస్టుల్లో చిన్న బల్ల. 150 రూపాయల లోపు కమ్మలు, మూడు వేల పెట్టుబడి. పరీక్షలప్పుడు పేజీ మూసేసినా ఏం పోదు.

చిన్న పిల్లలున్న గృహిణులు: వాట్సాప్ ఆర్డర్లు, వేసవిలో క్లాసులు. స్టాల్ మూడు రోజులు పెట్టాలంటే పిల్లల్ని చూసుకునే అమ్మమ్మో నానమ్మో ఊళ్ళో ఉండాలి, లేకపోతే వద్దు.

ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు చేసేవాళ్ళు: ఇక్కడే నా మాట చాలామందికి నచ్చదు. షాపుకి డబ్బుకి అమ్మేయడమే మీకు మంచిది. లాభం తక్కువే, కానీ మెసేజ్‌లకి జవాబులివ్వక్కర్లేదు, నెలకి ఒక ఆదివారం వెళ్ళి ఇచ్చి డబ్బు తెచ్చుకుంటే చాలు. డజన్లు చేసే ఓపిక ఉంటేనే సుమా. లేకపోతే ఏడాదికి రెండు ఎగ్జిబిషన్లు పెట్టి మిగతా రోజులు హాబీగానే ఉంచుకోండి.

చేతిలో నలభై, యాభై వేలు ఉండి, ఊళ్ళో బ్యూటీపార్లర్లవాళ్ళు, డాన్స్ టీచర్లు తెలిసినవాళ్ళు: అద్దె సెట్లు. నాలుగైదు సెట్లతో మొదలుపెట్టండి, అందులో రెండు డాన్స్‌వి ఉండాలి, పెళ్ళిళ్ళు లేని నెలల్లో అవే తిరుగుతాయి.

పుత్తూరు, పలమనేరు లాంటి చోట్ల ఉన్నవాళ్ళకి షాపు, స్టాల్ అవకాశాలు తక్కువ, ఇరుగుపొరుగు బ్లౌజులు కుట్టే టైలరే మీ షోరూం. బ్లౌజు గుడ్డ ముక్క మీకిస్తే దానికి మ్యాచింగ్ దండ చేసివ్వండి, టైలరమ్మకి దండకి యాభై ఇవ్వండి. కస్టమర్ రంగు గురించి గొడవపడదు, ఆ గుడ్డ మీ ముందే ఉంటుంది. ఇది నాకు చెప్పింది పుత్తూరులో ఉండే మా పిన్ని కోడలు, ఇప్పుడు నేనూ మా వీధి టైలరుతో అదే చేస్తున్నా, నెలకి పన్నెండు, పదిహేను దండలు అలాగే వెళ్తున్నాయి.